చమురులో మునిగిన కంప్యూటరు: వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ చెప్పే సంగతి

మన ఊళ్ళలో వీధి చివర రెండు స్తంభాల నడుమ బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాని పక్కలకు రెక్కల వంటి గొట్టాలు ఉంటాయి. చాలా వాటికి పైన చిన్న పీపా, ఆ పీపాకు వేలాడుతూ ఒక గాజు సీసా, ఆ సీసాలో నీలిరంగు పలుకులు కనిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు తప్ప ఎవరమూ దానివైపు తలయెత్తి చూడము. ఆ పెట్టె నిండా నూనె ఉన్నది. పదకొండు వేల వోల్టుల కరెంటు ఆ నూనెలో మునిగిన తీగచుట్టల గుండా పోయి, మన ఇళ్ళకు తగినంతగా తగ్గి బయటికి వస్తున్నది. ఇంత కరెంటు నూనెలో ఉన్నా ఎవరికీ షాకు కొట్టదు, నూనె అంటుకొనదు, లోపలి తీగలు కాలిపోవు. కత్తిరి ఎండలలో కూడా అది ఫ్యాను లేకుండానే పనిచేస్తూ ఉంటుంది.

ఇంట్లోని కంప్యూటరును కూడా ఇదే విధముగా నూనెలో ముంచి చల్లబరచవచ్చునా అన్నది ఇప్పుడు కొందరు పిల్లలు అడుగుతున్న ప్రశ్న. చేపల తొట్టెలో నూనె పోసి, అందులో మదర్‌బోర్డును దింపి, రంగురంగుల దీపాలతో నడిపించే వీడియోలను వారు చూస్తున్నారు. "నాయనా, మనమూ చేద్దామా" అంటున్నారు. ఇది వెర్రి ప్రశ్న కాదు. కే.జీ.కండిగై, తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట చుట్టుపట్ల కంప్యూటరుకు రెండు శత్రువులు ఉన్నాయి. మొదటిది వేడి. వేసవిలో తిరుత్తణి పేరు రాష్ట్రములోని అతి వేడి ప్రదేశాల పట్టికలో తరచుగా వస్తున్నది. రెండవది మరమగ్గాల నుండి లేచే నూలు పీచు. మగ్గాల షెడ్డుకు ఆనుకొని ఉన్న ఇంట్లో కంప్యూటరు పెట్టె విప్పి చూసినవారికి ఆ సంగతి తెలుసు. ఫ్యాను కింద హీట్ సింకు రేకుల నడుమ పీచు దుప్పటి వలె పరచుకొని ఉంటుంది. గాలి దూరనే దూరదు. నూనెలో ముంచిన యంత్రానికి ఫ్యానూ అక్కరలేదు, పీచూ చేరదు. కనుక పిల్లవాని ఆలోచనలో తర్కము ఉన్నది. అయితే ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు అయినప్పుడు, దాని మీదనే అక్క పరీక్షకు దరఖాస్తు, తమ్ముని చదువు, తండ్రి మగ్గాల లెక్కలు ఆధారపడి ఉన్నప్పుడు, ముంచుటకు ముందు తెలుసుకొనవలసినది కొంత ఉన్నది.

కంప్యూటరు వాడుకొనే కరెంటు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 150 వాట్ల యంత్రము 150 వాట్ల హీటరుతో సమానము. మామూలు పెట్టెలో ఈ వేడిని గాలి మోసుకొని పోతుంది. కాని గాలి చాలా బలహీనమైన కూలి. ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కుటకు తీసుకొనే వేడి ఒక జౌలు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. అదే లీటరు ఖనిజ నూనె సుమారు 1,600 జౌళ్ళు తీసుకుంటుంది, అనగా వెయ్యి రెట్లకు పైగా. వేడిని తన గుండా పోనిచ్చే గుణములో కూడా నూనె గాలికంటె సుమారు ఐదు రెట్లు మేలు. నీరు ఇంకా గొప్పది. అయితే నీటిలో కరిగిన లవణాలు కరెంటును మోస్తాయి. స్వేదనజలము పోసినా అది బోర్డు మీది మురికిని, లోహాలను తాకిన కొద్ది సేపటికే మామూలు నీరు అవుతుంది. శుభ్రమైన ఖనిజ నూనె కరెంటును మోయదు. ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు ఐఎస్ 335 అను భారతీయ ప్రమాణము ఉన్నది. రెండున్నర మిల్లీమీటర్ల ఎడముతో నూనెలో ఉంచిన రెండు లోహపు కొనల నడుమ 30,000 వోల్టులు పెట్టినా నిప్పురవ్వ దూకరాదు అన్నది అందులోని ఒక పరీక్ష. అంతే ఎడములో గాలి అయితే అందులో మూడవ వంతు వోల్టులకు కూడా తాళలేదు. కంప్యూటరు బోర్డులో ఉండేది 12 వోల్టులే. కావున బోర్డు నూనెలో నడుచుటలో అద్భుతమేమీ లేదు.

ఇంతవరకు వీడియోలు చెప్పేది నిజమే. అవి చెప్పనిది ఇకముందు వస్తుంది.

నూనె వేడిని మాయము చేయదు, దాచుకొంటుంది. ఒక లెక్క వేద్దాము. 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు ఉన్న గాజు తొట్టెలో 30 సెంటీమీటర్ల ఎత్తుకు నూనె పోస్తే 30 లీటర్లు పడుతుంది. దాని బరువు సుమారు 26 కిలోలు. ఈ నూనె మొత్తమును ఒక డిగ్రీ వేడెక్కించుటకు దాదాపు 49,000 జౌళ్ళు కావలెను. 150 వాట్ల యంత్రము సెకనుకు 150 జౌళ్ళు ఇస్తుంది. అనగా ఐదున్నర నిమిషాలకు ఒక డిగ్రీ. మొదటి గంటలో పది డిగ్రీలకు మించి పెరగదు. వీడియో తీసేవాడు ఆ గంట చూపించి, చేతిలో థర్మామీటరు పట్టుకొని నవ్వి, ముగిస్తాడు.

తరువాత ఏమవుతుంది? తొట్టె గోడలు, పైభాగము కలిపి సుమారు అర చదరపు మీటరు. ఫ్యాను గాలి తగలని గాజు గోడ నుండి ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు తొమ్మిది వాట్ల ప్రాంతములో వేడి బయటికి పోతుంది. మన తొట్టెకు అది నాలుగున్నర వాట్లు. 150 వాట్ల వేడి బయటికి పోవలెనంటే నూనె గదికంటె 33 డిగ్రీలు వేడిగా ఉండవలెను. మే నెల మధ్యాహ్నము గది 40 డిగ్రీలు ఉంటే నూనె 73కు చేరి అక్కడ నిలుస్తుంది. మూడు గంటలకు 60 దాటుతుంది, సాయంత్రమునకు 70 దాటుతుంది. ప్రాసెసరు నూనెకంటె మరికొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. తెరచి పెట్టిన మామూలు పెట్టెలో, శుభ్రమైన ఫ్యానుతో, అదే యంత్రము అంతకంటె చల్లగా నడుస్తుంది. పైగా నూనె అంతా వేడెక్కిన తరువాత చల్లారుటకు కూడా గంటలు పడుతుంది. రాత్రి యంత్రము ఆపినా తొట్టె ఒక చిన్న పొయ్యి వలె గదిని వేడి చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు వీధి చివరి పెట్టెను మరల చూడవలెను. దాని రహస్యము నూనెలో సగమే, మిగిలిన సగము పక్కనున్న రెక్కలలో ఉన్నది. వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది, రెక్కల గొట్టాలలోకి పోయి గాలికి చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, మరల తీగచుట్టల వద్దకు వస్తుంది. పంపు లేకుండా, ఫ్యాను లేకుండా ఈ తిరుగుడు రాత్రింబగళ్ళు సాగుతుంది. గాలికి తగిలే వైశాల్యము పెంచుటకే ఆ రెక్కలు. చేపల తొట్టెకు రెక్కలు లేవు. కావున ఇంట్లో చేసేవాడు ఒక చిన్న పంపు, ఒక రేడియేటరు, దానికొక ఫ్యాను పెట్టవలెను. అప్పుడు నూనె గదికంటె పది, పదిహేను డిగ్రీల లోపలే నిలుస్తుంది. అయితే ఫ్యాను వద్దని మొదలుపెట్టిన పనిలో ఫ్యాను మరల వచ్చినది, రేడియేటరు రేకుల నడుమ నూలు పీచు మరల చేరుతుంది. బోర్డు మీద చేరుటకు బదులు బయట చేరుతుంది, తుడుచుట సులువు. ఆ మేలు మాత్రము ఒప్పుకొనవలెను.

గాజు సీసాలోని నీలి పలుకులకు కూడా అర్థమున్నది. అవి సిలికా జెల్. నూనె వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించినప్పుడు పెట్టె గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని తేమను ఈ పలుకులు పట్టుకొంటాయి. తేమ నిండితే నీలిరంగు పోయి గులాబీరంగు వస్తుంది. నూనెలో కొద్దిపాటి నీరు చేరినా కరెంటును ఆపే శక్తి బాగా పడిపోతుంది గనుకనే ఇంత జాగ్రత్త. మూత లేని తొట్టె కార్తీక మాసపు వానలలో ఎంత తేమ పీలుస్తుందో ఊహించవచ్చును. నీరు నూనెకంటె బరువు కనుక అడుగున చేరుతుంది, బోర్డు అంచులు ఉండేది కూడా అక్కడనే.

ఏ నూనె అన్నది తరువాతి ప్రశ్న. మన ఇళ్ళలో చేతికి అందేది చెనక్కాయల నూనె, నువ్వుల నూనె. ఇవి కూడా కరెంటును మోయవు, ఆ మాటకు వస్తే యంత్రము మొదటి రోజు చక్కగా నడుస్తుంది. కాని వంటనూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి పాడవుతుంది, వేడిలో మరింత త్వరగా. ఊరగాయ జాడీ మూత సరిగా పెట్టనప్పుడు వచ్చే ముక్క వాసన అందరికీ తెలిసినదే. అదే వాసన 30 లీటర్ల తొట్టె నుండి ఇల్లంతా వస్తుంది. ఆపై నూనె జిగురుగా మారి బోర్డుకు పట్టుకొంటుంది. చీమలు, బొద్దింకల సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల వద్ద పేరుకొంటుంది, ధనుర్మాసపు తెల్లవారుజామున తొట్టెలో తిరుగుడు ఉండదు. ఆముదము చాలా చిక్కన, సన్నని సందులలో కదలదు. శాకనూనెలతో నడిచే ట్రాన్స్‌ఫార్మర్లు లోకములో లేకపోలేదు. వాటికి వాడే నూనెను ప్రత్యేకముగా శుద్ధి చేసి, పాడుకాకుండ మందులు కలిపి, గాలి తగలకుండ మూసి ఉంచుతారు. వంటింటి డబ్బాలోనిది అది కాదు.

తగినది రంగు, వాసన లేని తెల్ల ఖనిజ నూనె. మందుల దుకాణములో మలబద్ధకానికి ఇచ్చే లిక్విడ్ పారాఫిన్ ఆ జాతిదే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నూనె కూడా పనికివస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ట్రాన్స్‌ఫార్మర్ల నుండి తీసిన పాత నూనె చవకగా ఇస్తామని ఎవరైనా డబ్బా పట్టుకొని వస్తే ఇంటి గడప దాటనీయరాదు. వెనుకటి కాలపు కొన్ని పెట్టెలలో పీసీబీ అను విషరసాయనము ఉండేది. అది శరీరములో చేరితే తేలికగా పోదు, క్యాన్సరు కారకమని తేలినది. మన దేశములో దానిని నియంత్రించుతూ 2016లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది. రంగు చూసి ఏ నూనెలో అది ఉన్నదో చెప్పలేము. పైగా ఆ నూనె దొంగిలించినది కావచ్చును. నూనె తీసివేసిన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అప్పుడు ఊరి బోర్లు, మగ్గాలు అన్నీ ఆగుతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రములో చేరినప్పటి నుండి మనకు కరెంటు ఇచ్చేవారు ఒకరు, పక్కనున్న నగరి వారికి ఇచ్చేవారు మరొకరు. ఈ దొంగతనపు నష్టము మాత్రము హద్దుకు రెండు వైపులా ఒకటే.

నూనెలో ఏమి ముంచరాదో చెప్పుకొందాము. హార్డ్ డిస్కు ముంచరాదు. దానికి గాలి ఆడుటకు సన్నని రంధ్రము ఉంటుంది. లోపల తిరిగే పళ్ళెము మీద చదివే తల వెంట్రుకలో వేయవవంతు కంటె తక్కువ ఎత్తున ఎగురుతూ ఉంటుంది. నూనె దూరితే అంతటితో సరి, ఇంటి ఫోటోలు, లెక్కలు అన్నీ పోతాయి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి ఈ బాధ లేదు. సీడీ నడిపే పెట్టె ముంచరాదు. ప్రాసెసరు మీద పూసే థర్మల్ పేస్టు నూనెకు కొంతకాలానికి కొట్టుకొనిపోవచ్చును. పీవీసీ తొడుగు గల తీగలలోని మెత్తదనమును ఖనిజ నూనె మెల్లగా లాగివేస్తుంది, సంవత్సరము గడిచేసరికి అవి పుల్లల వలె బిరుసై విరుగుతాయి. రబ్బరు ఉబ్బుతుంది. ఇంకొక వింత ఏమనగా, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు తీగల పోగుల నడుమ నూనె పైకి ఎక్కి, తొట్టె దాటి, మానిటరు చివర బొట్లు బొట్లుగా కారుతుంది. చేసినవారందరూ చెప్పే చిరాకు ఇది. ఒకసారి నూనెలో దిగిన బోర్డును ఏ మెకానిక్కూ ఇష్టపడి చేతపట్టడు, కంపెనీ హామీ కూడా పోయినట్లే.

ప్రాణానికి సంబంధించినది ఎస్‌ఎంపీఎస్. కంప్యూటరు పెట్టెలో 230 వోల్టుల ఇంటి కరెంటు వచ్చేది దానిలోనికి. బోర్డులోని 12 వోల్టులు మనిషిని ఏమీ చేయవు, ఎస్‌ఎంపీఎస్‌లోని వోల్టులు చంపగలవు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలుస్తుంది. నూనె కరెంటును ఆపుతుంది గనుక చేయి పెట్టవచ్చునని అనుకొనరాదు. చేయి తగిలేది నూనెకు కాదు, లోహానికి. ఎస్‌ఎంపీఎస్‌ను తొట్టె బయటనే ఉంచవలెను. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ ప్రయోగము చేయనే రాదు. ఇక నిప్పు సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఆవిరి మంటకు అందుకొనుటకు సుమారు 140 డిగ్రీలు కావలెను, తొట్టె అంత వేడెక్కదు. కాని నూనెతో తడిసిన గుడ్డ వత్తితో సమానము. పూజగది పక్కన, వంటింటి పక్కన తొట్టె పెట్టరాదు. అంటుకొంటే నీళ్ళు పోయరాదు, పొడి ఇసుక వేయవలెను. ఇరవై ఆరు కిలోల నూనె ఉన్న గాజు తొట్టెను పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఎక్కడ పెట్టినా ప్రమాదమే.

ఇన్ని చిక్కులు ఉన్నా ఈ పద్ధతిని లోకము వదలలేదు. 1985లో అమెరికాలో వచ్చిన క్రే-2 అను మహాకంప్యూటరు మొత్తము ఫ్లోరినర్ట్ అను ద్రవములో మునిగి పనిచేసినది. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ వారు ఇంటి కంప్యూటరును వంటనూనెలో నడిపి చూపించారు. 2007లో అమెరికాలోని ప్యూజెట్ సిస్టమ్స్ అను సంస్థ చేపల తొట్టెలో ఖనిజ నూనె పోసి చేసినది, హార్డ్ డిస్కును మాత్రము బయటనే పెట్టినది. నేటి వీడియోలలో చాలా భాగము ఆ తొట్టెకు పిల్లలే. 2012లో ఇంటెల్ సంస్థ ఒక ఏడాది పాటు సర్వర్లను నూనెలో నడిపి, చల్లదనము మొదలైన వాటికి అయ్యే అదనపు కరెంటు నూటికి రెండు, మూడు పాళ్ళు మాత్రమేనని తెలిపినది. 2021లో, మన తెలుగువారైన సత్య నాదెళ్ళ అధిపతిగా ఉన్న మైక్రోసాఫ్ట్, 50 డిగ్రీలకే మరిగే ద్రవములో సర్వర్లను ముంచి నడుపుతున్నట్లు ప్రకటించినది. ఇవన్నీ వేల సర్వర్లు ఒకచోట ఉన్నప్పటి లెక్కలు. అక్కడ రేడియేటర్లు, పంపులు, నూనెను పరీక్షించే మనుషులు ఉంటారు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో పెద్ద డేటా కేంద్రము కడతానని ప్రకటించిన తరువాత, అంతటి వేడిని దేనితో చల్లార్చుతారు అన్న ప్రశ్న తెలుగునాట కూడా వినవస్తున్నది. మన పిల్లవాని ప్రశ్నకు అంత దూరపు బంధువులు ఉన్నారు.

ఇంటికి వస్తే, నా అభిప్రాయము సూటిగా చెబుతాను. ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటరును ముంచరాదు. మగ్గాల ఇంట్లో దానికి కావలసినది నూనె కాదు, బ్లోయరు. రెండు నెలలకు ఒకసారి ప్లగ్గు తీసి, పెట్టెను వాకిట్లోకి తెచ్చి, పక్క మూత విప్పి, ఫ్యాను రెక్క తిరగకుండ వేలితో పట్టుకొని గాలి కొట్టవలెను. హీట్ సింకు రేకుల నడుమ పీచును మెత్తని బ్రష్షుతో తీయవలెను. రెండు, మూడు ఏళ్ళకు ఒకసారి థర్మల్ పేస్టు కొత్తది వేయించవలెను. పెట్టెను నేల మీద కాక బల్ల మీద, షెడ్డు వైపు కిటికీకి దూరముగా, వెనుక జానెడు ఖాళీ ఉండునట్లు ఉంచవలెను. చాలా ఇళ్ళలో దానిని చెక్క అరలో బిగించి, ముందు ఒక తెర కూడా వేస్తారు. దుమ్ము పడకుండునని వారి ఉద్దేశము, కాని యంత్రము ఊపిరాడక వేడెక్కేది అందువల్లనే. మధ్యాహ్నము పూట కంప్యూటరు మందగించి, రాత్రి చక్కగా నడుస్తున్నదంటే అది వైరసు కాదు, వేడి. ప్రాసెసరు 90, 100 డిగ్రీలకు చేరువైతే తన వేగము తానే తగ్గించుకొంటుంది, ఇంకా పెరిగితే ఆరిపోతుంది.

అయినా పిల్లవానికి చేయవలెనన్న కోరిక తీరనప్పుడు కాదనుట కూడా నాకు ఇష్టము లేదు. మూలన పడిన పాత బోర్డు ఒకటి ఉంటే, పాఠశాల సైన్సు ప్రదర్శనకు ఇంతకంటె మంచి వస్తువు దొరకదు. తక్కువ కరెంటు తాగే, 60 వాట్ల లోపు యంత్రమును ఎంచుకొంటే పై లెక్క ప్రకారము నూనె గదికంటె పదమూడు డిగ్రీలే పెరుగుతుంది, రేడియేటరు లేకున్నా గండము లేదు. ఎస్‌ఎంపీఎస్, డిస్కు బయట, బోర్డు మాత్రము లోపల. తీగలన్నీ పైనుండి దింపవలెను, పక్కకు రంధ్రము చేయరాదు. కరెంటు తెలిసిన పెద్దవారు ఒకరు పక్కన ఉండవలెను. నూనెలో ఒక థర్మామీటరు, గదిలో ఒకటి పెట్టి, అరగంటకు ఒకసారి రెండూ రాసుకొని, గళ్ళ కాగితము మీద గీత గీయమనండి. మొదటి గంట గీత నిటారుగా లేస్తుంది, తరువాత వంగుతుంది, సాయంత్రమునకు పడుకొంటుంది. యంత్రము ఇచ్చే వేడి, గోడల నుండి పోయే వేడి సమానమైన చోటు అది. ప్రదర్శన అయిన తరువాత నూనెను కాలువలోనో, చెరువు గట్టునో పోయరాదు. మూత బిగించిన డబ్బాలో ఉంచి, బండ్ల షెడ్డులో పాత ఇంజను నూనె తీసుకొనే వారికి ఇవ్వవలెను.